బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు మొక్కు, పూజ, దువా ఎలా చేసుకోవాలి

"అక్కా, విబూది పెట్టనిస్తారా?" "తాయత్తు కడితే ఊకుంటారా?" "మా అత్తమ్మ తీర్థం పంపింది, ఒక్క చుక్క నాలుక మీద పొయ్యొచ్చా?"

మా పాప 52 రోజులు ఆస్పత్రిలో ఉండి బయటపడిందని తెలిసినప్పటి నుంచి నాకు ఇలాంటి ఫోన్లే. దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి, పాలమూరు నుంచి నా నంబర్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతూనే ఉంది. అడిగేది మాత్రం ఒక్కటే. అందుకే అంతా ఒక్క చోట రాస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పాప 31 వారాలకే పుట్టింది, బరువు 1,180 గ్రాములు. ముందు జిల్లాలో, తర్వాత హైదరాబాద్‌లో ఉంచారు. నేను డాక్టర్‌ను కాను, మందుల గురించి చెప్పను. బిడ్డ బాక్సులో (ఇంక్యుబేటర్‌లో) ఉండగా దేవుణ్ణి తలుచుకునే పద్ధతి ఒకటి, చాలా తప్పులు చేసి నేర్చుకున్నాను. అదే చెప్తాను. మేము నరసింహస్వామిని కొలిచేవాళ్లం. మీరు అల్లాను కొలిచినా, ఏసయ్యను కొలిచినా ఇందులో ఎక్కువ మార్చాల్సింది ఉండదు.

ముందుగా ఒక గీత గీసుకోండి. మీ నోటికి, మీ చేతికి, మీ ఒంటికి భక్తి విషయంలో అడ్డేమీ లేదు. బిడ్డ ఒంటి మీదకు, నోట్లోకి, బాక్సులోకి ఏది పోవాలన్నా మాత్రం సిస్టర్ సరే అనాలి. కింద చెప్పేవన్నీ ఈ గీత చుట్టూనే.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- ఆధార్, రేషన్ కార్డు, ఇంతకు ముందు ఆస్పత్రి కాగితాలు. దేవుడి ఫొటో మర్చిపోయినా పర్వాలేదు, ఇవి మర్చిపోతే కష్టం. ఆరోగ్యశ్రీ పరిమితిని మన తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో మొదటి రోజే కనుక్కోండి. 104కు ఫోన్ చేసినా చెప్తారు.
- చిన్న నోటు పుస్తకం, పెన్ను.
- దేవుడి ఫొటో అరచేతిలో పట్టేంతది, లామినేషన్ చేయించింది. తడిగుడ్డతో తుడవడానికి వీలుండాలి.
- రెండు మూడు జిప్ కవర్లు, ఒక పసుపు గుడ్డ ముక్క.
- బయట పనులు చూసే మనిషి ఒకరు. తమ్ముడో మరిదో ఎవరైనా సరే. మందులు తేవాలి, రక్తం తేవాలి, ఊళ్లో వాళ్ల ఫోన్లకు జవాబు చెప్పాలి.

కర్పూరం, అగరుబత్తి, అగ్గిపెట్టె సంచిలోనే పెట్టుకోకండి. ఆక్సిజన్ నడిచే చోట చిన్న నిప్పురవ్వ చాలు. పూలు, కొబ్బరికాయ కూడా గేటు బయటే.

1. మొదటి రోజే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడండి

డ్యూటీ సిస్టర్లు పొద్దున ఒకరు, రాత్రి ఒకరు మారుతుంటారు. ఒకరు సరే అన్నది ఇంకొకరు వద్దంటారు, మధ్యలో మనకు టెన్షన్. అందుకే ఇన్‌ఛార్జ్‌నే అడగండి. నేను అడిగిన మాటలు ఇవి: "సిస్టర్, మా ఇంట్లో మొక్కు ఉంది. పాప ఒంటికి తగలకుండా స్వామి ఫొటో ఎక్కడన్నా పెట్టుకోవచ్చా? మీరు చెప్పిన చోటే పెడతా." అడిగిన తీరును బట్టి జవాబు ఉంటుంది. బాక్సు కింద స్టాండ్‌కు జిప్ కవర్‌లో ఫొటో పెట్టనిచ్చారు. వద్దంటే మీ జాకెట్ లోపలో, పర్సులోనో పెట్టుకోండి. స్వామికేం పట్టింపు ఉండదు.

దొంగచాటుగా మాత్రం ఏదీ చేయకండి. మా ఇంట్లో జరిగింది చెప్తాను. నాలుగో రోజు మా వాళ్లలో ఒకరు లోపలికి పోయి ఎవరూ చూడకుండా పాప మణికట్టుకు నల్లదారం కట్టి వచ్చారు. ఆ చేతికే సూది ఉంది. రాత్రి సెలైన్ నరంలోంచి జారి చేయి ఉబ్బింది. ఉబ్బిన కొద్దీ దారం బిగుసుకుంది. తెల్లవారుజామున సిస్టర్ చూసి కత్తెరతో కోసేసరికి మణికట్టు చుట్టూ ఎర్రగా గాటులా పడి ఉంది. దారం తెగిందని ఆ రోజంతా ఇంట్లో అపశకునం అని ఏడ్చారు. చేయి దక్కిందని నేను ఏడ్చాను.

2. ఏది ఎక్కడ ఉండాలో తేల్చుకోండి

*విబూది, కుంకుమ, దర్గా ఊదు:* పొడి గాలిలో లేస్తుంది. ఊపిరితిత్తులు ముదరని బిడ్డకు, సూదులు, గొట్టాలు ఉన్న ఒంటికి అది పడదు. బదులుగా మీరు పెట్టుకోండి. లోపలికి పోయే ముందు చేయి కడుక్కోండి.

*తాయత్తు, దారం:* మెడకు, చేతికి, నడుముకు, కాలికి ఎక్కడా వద్దు. జిప్ కవర్‌లో వేసి ఫొటో పక్కన పెట్టండి, లేదా మీ కొంగుకు కట్టుకోండి.

*తీర్థం, జమ్‌జమ్ నీళ్లు, తేనె:* చుక్క కూడా వద్దు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మామూలు నీళ్లే పట్టకూడదు. గుడి తీర్థంలో పచ్చకర్పూరం వేస్తారు, కర్పూరం పసిపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తేనె ఏడాది నిండేదాకా పెట్టరాదు, అందులో ఉండే ఒక రకం క్రిమి పసివాళ్ల కండరాలను పడేస్తుంది. తీర్థం తల్లి తాగితే సరిపోతుంది. "నేను తాగితే పాలలో దానికి పోతుంది అత్తమ్మా" అన్నాను. మా అత్తమ్మ మారుమాట్లాడలేదు. మీరూ అలాగే అనండి.

*ప్రార్థన నూనె, ఆముదం:* ముక్కులో, చెవిలో, మాడు మీద వద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా. జిడ్డు చర్మానికి టేపు అంటదు, పాల గొట్టం ఊడిపోతుంది. పాస్టరు గారు వస్తే నూనె మీ నుదుటికి రాయమనండి.

*కాటుక, దిష్టి చుక్క:* కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. దిష్టి ఇంట్లో తీయండి, పాప ఫొటోకు. ఉప్పు, మిరపకాయలు ఊళ్లో పొయ్యిలో వేస్తే చాలు. మా అమ్మ రోజూ సాయంత్రం ఫోన్‌లో పాప బొమ్మ పెట్టుకుని తీసేది.

*వాతలు:* ఎవరు చెప్పినా వద్దు. ఇందులో బదులు కూడా లేదు.

*పుట్టువెంట్రుకలు:* ఇది ఎవరూ ముందుగా చెప్పరు. చేతి నరాలు దొరక్కపోతే పసిపిల్లలకు తలలో సూది పెడతారు, అందుకు కొంచెం జుట్టు గీస్తారు. యాదగిరిగుట్టకు మొక్కిన వెంట్రుకలు తీసేశారని గొడవ పడేవాళ్లను చూశాను. సిస్టర్‌కు ముందే చెప్పి ఉంచండి: "తల గీస్తే ఆ వెంట్రుకలు కవర్‌లో వేసి ఇవ్వండి, మొక్కుంది." మా సిస్టర్ కాగితంలో మడిచి మీద తేదీ కూడా రాసి ఇచ్చింది.

3. మొక్కు ఒక్కటే మొక్కండి, మీకు అందేదే మొక్కండి

పసుపు గుడ్డలో 11 రూపాయలు పెట్టి ముడుపు కట్టండి. మొక్కింది ఏమిటో అదే రోజు నోటు పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. ఇంతే పని. నిలువుదోపిడీలు, బంగారు కళ్లు, ఏడు వారాల కాలినడకలు ఐసీయూ బయట కూర్చుని మొక్కకండి. ఆ భయంలో నోటికి ఏది వస్తే అది మొక్కుతాం, తర్వాత తీర్చడానికి అప్పు చేస్తాం. కందూరు (యాటను కోసి పెట్టే విందు) చేస్తామని జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కితే యాట, బియ్యం, బండి ఖర్చు అన్నీ లెక్క వేసుకునే మొక్కండి. ఆస్పత్రి బిల్లు ఇంకా తేలలేదని గుర్తుంచుకోండి.

మా ఇంట్లో లెక్క తీస్తే మొక్కులు ఏడు తేలాయి. అత్తమ్మ యాదగిరిగుట్టకు, మా అమ్మ జాన్‌పహాడ్‌కు, బావగారు చెర్వుగట్టుకు, పాలమూరు నుంచి వచ్చిన తోడికోడలు కురుమూర్తికి, ఇంకా ముగ్గురు పోచమ్మకు బోనాలు. ఇంటికి వచ్చాక పాపకు జలుబు చేసినా "ఏ మొక్కు మర్చిపోయామో" అని భయం. చివరికి నేను ఒక మాట అన్నాను: ఎవరు మొక్కింది వాళ్లు తీర్చాలి. మాది గుట్ట ఒక్కటే.

మన దగ్గర ఇంటికో యాదగిరి, ఊరికో సైదులు, పాలమూరు వైపు కుర్మయ్యలు ఊరికే లేరు. వాళ్లందరి వెనకా ఇలా ఒక అమ్మ మొక్కుకున్న రాత్రి ఉండి ఉంటుంది. పేరు పెట్టడానికి అప్పు అక్కర్లేదు, అది కూడా మంచి మొక్కే.

హెచ్చరిక: బిడ్డ ఆస్పత్రిలో ఉండగా మొక్కు తీర్చడానికి తల్లిదండ్రుల్లో ఎవరూ కదలకండి. అమావాస్య రాత్రి గట్టు మీద నిద్ర చేయాలని మా ఆయన చెర్వుగట్టుకు పోయాడు. ఆ రాత్రే పాపకు రక్తం ఎక్కించాలన్నారు. ఆయన ఫోన్ కలవలేదు. పచ్చి బాలింతను, నేనే బ్లడ్ బ్యాంకు మెట్లు ఎక్కాను. ఇప్పటికీ ఆ మాట వస్తే ఆయన తల వంచుకుంటాడు. స్వామి ఎక్కడికీ పోడు, తర్వాత పోవచ్చు.

4. ప్రార్థనను పనికి ముడి వేయండి

విడిగా గంటసేపు పారాయణం చేద్దామంటే కుదరదు. పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు. అందుకని చేసే పనికే ప్రార్థన కలపండి.

చేతులు కడగడం: సబ్బుతో మోచేతుల దాకా కడగమంటారు. ఎంతసేపో లెక్క తెలియక చాలామంది పది సెకన్లలో కానిచ్చేస్తారు. మీకు వచ్చిన శ్లోకమో, సూరానో, కీర్తనో నిదానంగా చదివితే 40 సెకన్లలో ఎంత వస్తుందో ఇంట్లో ఒకసారి గడియారం పెట్టి చూసుకోండి. అది అయ్యేదాకా చేయి కడగండి. ఉంగరాలు, గాజులు, చేతి దారాలు తీసేయాలి. మెట్టెలతో ఇబ్బంది లేదు.

పాలు పిండడం: రోజుకు కనీసం ఎనిమిది సార్లు, రాత్రి కూడా. బిడ్డ తాగలేకపోయినా పిండకపోతే పాలు ఆగిపోతాయి. నా వరకు అసలు పూజ ఇదే. మొదటి రోజు చెంచాడు కూడా రాలేదు, ఏడుపు వచ్చింది. ఆ కాసిని చుక్కలే గొట్టంలో పోశారు.

గుండెల మీద పెట్టుకోవడం: డాక్టర్ సరే అన్న రోజు నుంచి బిడ్డను తల్లి ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెడతారు, కంగారూ పద్ధతి అంటారు. ఇంక్యుబేటర్లు చాలక కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో 1978లో మొదలుపెట్టారట. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చేయమంటుంది, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా ఎంత వీలైతే అంత. తండ్రి కూడా చేయొచ్చు. పాడాలన్నా, అజాన్ చెప్పాలన్నా ఇదే చోటు. మీ నోటితో, గుసగుసగా. ఫోన్‌లో భక్తి పాటలు పెట్టకండి, పసిపిల్లల ఐసీయూలో చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదంటారు. మామూలుగా మనం మాట్లాడుకునే గొంతే అంతకంటే ఎక్కువ.

ఇక్కడే పెద్దవాళ్లతో పేచీ వస్తుంది. "పురుడు తీరలేదు, అంటు" అని తల్లిని ఆపుతారు. గుడి సంగతి మీ ఇష్టం, ఐసీయూకు మాత్రం పోవాల్సిందే. ముట్టు వచ్చినా అంతే. ఉపవాసాలు పాలిచ్చే తల్లికి వద్దు. రోజా నుంచి కూడా పాలిచ్చే తల్లికి మినహాయింపు ఉంది, తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఇంట్లో ఎవరో ఒకరు ఉపవాసం ఉండాలనుకుంటే బావగార్లు ఉన్నారు కదా.

5. "దేవుడి మీద భారం వేయండి" అని డాక్టర్ అన్నప్పుడు

ఈ మాట మీరు వింటారు. విన్న వెంటనే కాళ్లు చల్లబడతాయి. కొందరు దాన్ని "ఇక లాభం లేదు, తీసుకుపోండి" అని అర్థం చేసుకుంటారు, కొందరు "దేవుడు చూసుకుంటాడన్నారు, భయం లేదు" అని. రెండూ తప్పు కావచ్చు. అక్కడే నిలబడి అడగండి:

"సార్, ఇప్పుడు ఏ చికిత్స నడుస్తుంది?"
"ఇంకా చేయగలిగింది ఏమన్నా ఉందా, అయిపోయిందా?"
"రేపటికి ఏది మారితే మంచిదని అనుకోవాలి, ఏది మారితే చెడ్డదని?"
"పాపకు నొప్పి తెలియకుండా చూస్తున్నారా?"

జవాబులు పుస్తకంలో రాయండి. అర్థం కాకపోతే "తెలుగులో ఇంకోసారి చెప్పండి సార్" అనడానికి సిగ్గుపడకండి. నేను మూడో వారంలో అడిగాను. మొదటి రోజే అడగాల్సింది.

ముహూర్తం గురించి: ఆపరేషన్ అత్యవసరమా, రోజు మార్చుకునే వీలుందా అని ముందే అడగండి. వీలుందంటే మంగళవారమో అమావాస్యో కాకుండా పెట్టమనడంలో తప్పు లేదు, చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. అత్యవసరం అన్నారంటే ఇక పంచాంగం మూసేయండి. డిశ్చార్జి కూడా అంతే. శనివారం ఇల్లు చేరొద్దని ఒక రోజు ఆగమంటే ఆగొచ్చు, కానీ ఆ మంచం కోసం ఇంకో బిడ్డ బయట ఎదురుచూస్తుందేమో అడిగి చూడండి.

సంతకం పెట్టి మన ఇష్టం మీద తీసుకుపోవడం అనేది ఇంకొకటి. ఎవరో ఫలానా ఊళ్లో తాయత్తు ఇస్తారు, పసరు పోస్తారు అంటే ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డను ఆటోలో వేసుకుని పోవడం. దయచేసి వద్దు. వేరే ఆస్పత్రికి మార్చాలనుకుంటే అక్కడ మంచం ఖాళీ ఉందో లేదో ముందే ఫోన్ చేసి, కాగితాలు రాయించుకుని, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లోనే మార్చండి.

6. ప్రార్థన రాని రోజు

వస్తుంది ఆ రోజు. నాకు 19వ రోజు వచ్చింది. పక్క బాక్సులో బిడ్డ పొద్దున లేదు. ఆ తల్లి నాకంటే ఎక్కువ పూజలు చేసింది, నా కళ్లతో చూశాను. ఇక నాకు నోట్లోంచి స్వామి పేరు రాలేదు. కోపం వచ్చింది, ఆ తర్వాత కోపం వచ్చినందుకు భయం వచ్చింది, దీనివల్ల పాపకు ఏమన్నా అవుతుందేమోనని.

అవలేదు. ఆ రోజు కూడా ఎనిమిది సార్లు పాలు పిండాను, చేయి కడుక్కున్నాను, బరువు రాసుకున్నాను. అలాంటి రోజు మీకు వస్తే మాటలు వెతుక్కోకండి, పని చేయండి. మీ బదులు తలుచుకోమని అమ్మకు చెప్పండి. మనసులో తిట్టుకున్నా పర్వాలేదు. మన ఊళ్లలో పోచమ్మ ముందు నిలబడి గొంతెత్తి నిలదీసే ఆడవాళ్లు లేరా?

తిండి పోక, నిద్ర పట్టక, బతకాలని లేదనిపించేదాకా వస్తే అది భక్తి తక్కువ కావడం కాదు. బాలింతలకు వచ్చే జబ్బు అది, మందు ఉంది. సిస్టర్‌కు చెప్పండి.

బిడ్డ దక్కకపోతే ఏం చేయాలని అడిగిన వాళ్లూ ఉన్నారు. గొట్టాలు తీశాక ఒళ్లోకి ఇవ్వమని అడగండి, ఇస్తారు. ముడుపు విప్పి గుళ్లో హుండీలో వేయొచ్చు, వేయకపోయినా దోషం లేదు. మొక్కులో లోపం ఉందని ఎవరన్నా అంటే ఆ మనిషిని ఆ రోజు గుమ్మంలోకి రానివ్వకండి.

7. బయటి మనుషులు

"ఏ పాపం చేసుకుందో" అనేవాళ్లు, "గ్రహణం రోజు బయట తిరిగావా" అనేవాళ్లు వస్తారు. జవాబు చెప్పే పని బయట ఉన్న మనిషికి అప్పజెప్పండి. ఫోన్‌లో ఫొటో పంపితే చాలు బాగు చేస్తాం, ముందు డబ్బు వేయండి అనేవాళ్లు కూడా మొదలవుతారు. గుడి, దర్గా, చర్చి ఏదైనా సరే, బిడ్డ పేరు చెప్పి ముందే డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోండి

రాత్రి పడుకునే ముందు పుస్తకం తెరిచి వీటికి జవాబు రాయండి.

- ఈ రోజు పాప బరువు ఎంత? పాలు ఎన్ని మిల్లీలీటర్లు పోతున్నాయి? (పూజ ఎన్నిసార్లు చేశారో తెలిసి ఇది తెలియకపోతే దారి తప్పినట్టే.)
- డాక్టర్ చెప్పింది ఇంట్లో వాళ్లకు రెండు వాక్యాల్లో చెప్పగలరా?
- మీరు రెండు పూటలా తిన్నారా? నాలుగు గంటలైనా పడుకున్నారా?
- ఈ రోజు దేవుడి పేరు మీద ఖర్చెంత? మందుల డబ్బులో నుంచి తీశారా?
- ప్రార్థన అయ్యాక గుండె కాస్త నెమ్మదించిందా, భయం పెరిగిందా? పెరిగితే ప్రార్థన కాదు, మీరు బేరం చేస్తున్నారు. "ఇది చేస్తే అది ఇవ్వు" అనడం తగ్గించి చూడండి.

ఇంటికి వచ్చాక

వచ్చిన వారంలోనే గుట్టకు బయల్దేరకండి. జనం, ఎండ, దుమ్ము, బస్సు. ఎప్పుడు పోవచ్చో డాక్టర్‌నే అడగండి. నెలలు నిండక, 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకు 30 రోజులు నిండే లోపు కంటి పరీక్ష మొదటిసారి జరగాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోవాలి. కంటి వెనక పొర దెబ్బతింటే చూపు పోతుంది, అప్పుడు ఏం చేసినా రాదు. ఆ తేదీ, టీకాల తేదీలు క్యాలెండర్ మీద ముందు రాయండి, జాతర తేదీ తర్వాత.

ఇంట్లో ఉండగా ఇవి కనిపిస్తే దీపం పెట్టడానికి కూడా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి: పాలు తాగడం మానేయడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి, డొక్కలు లోపలికి గుంజుకోవడం, ఒళ్లు కాలడం లేదా చల్లబడటం, ఫిట్స్, కదిపితే తప్ప కదలకపోవడం.

మేము 11వ నెలలో గుట్టకు పోయాం. తల మీద వెంట్రుకలు కల్యాణకట్టలో తీయించి, కవర్‌లో దాచిన తేదీ రాసిన పొట్లం కూడా వాటితో కలిపి ఇచ్చాం. ఆ పొట్లం ఏమిటమ్మా అని అడిగారు. చెప్పాను. ఏమీ అనకుండా తీసుకున్నారు. పుట్టువెంట్రుకలు పోయాయని బాధపడే వాళ్లకు ఇదే నేను చెప్పేది, పొట్లం నడుస్తుంది.